తీర్పరి లేని పక్షం

వైశాఖ శుద్ధ విదియ

పొద్దున కూరగాయల పడవ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఎడమ చేతిలో వంకాయలు, కుడి చేతిలో బీరకాయలు. రెండూ లేతగా ఉన్నాయి. వంకాయ అనుకుంటే బీరకాయ బాగుండేదనిపిస్తుంది, బీరకాయ అనుకుంటే వంకాయ మీదికి మనసు పోతుంది. కూరలమ్మే చంటమ్మ నన్ను చూసి కంగారుపడింది.

"ఏమైందమ్మా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదే. ఏది కొనాలో తెలవట్లేదు."

చంటమ్మకి ఆ మాట అర్థం కాలేదు. పక్క పడవ వాళ్ళని పిలిచి మరీ చూపించింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి రెండూ కొని ఇంటికి వచ్చాను.

డాక్టర్ మెహరున్నీసా గారు ఇలాంటివన్నీ రాసి పెట్టమన్నారు, అందుకే రాస్తున్నాను. నా పేరు వీరవేణి. ఎగువలంకలో లాకు తలుపు చూసుకునే పని నాది. పోయిన నెలాఖరులో జ్వరం వచ్చి, చెవి వెనక చీము పట్టింది. తలలో ఉన్న తీర్పరిని తీసేయక తప్పలేదు. కొత్తది తయారు కావడానికి పక్షం పైనే పడుతుందట. బడిలో వేసేటప్పుడు ఊళ్ళో అందరికీ పెట్టే చిన్న మర అది. అది లేకుండా ఉండడం నాకు ఊహ తెలిశాక ఇదే మొదలు.

"రెండు కబుర్లు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు తీర్పరి ఒకదాన్ని ఎంచుకుని రెండోదాని నోరు మూసేస్తుంది. ఇక నుంచి నీకు రెండూ వినిపిస్తాయి. బెంబేలెత్తకు" అన్నారు డాక్టరు గారు.

బెంబేలెత్తలేదు. నిజం చెప్పాలంటే సరదాగా ఉంది.

చవితి

మా ఆయన త్రిమూర్తులు మధ్యాహ్నం అన్నానికి కూర్చుని, పప్పు ఉడకలేదన్నాడు. పొద్దున్నుంచీ పొయ్యి మీదే ఉంది. వేలితో నొక్కితే గింజ గింజలాగే ఉంది.

"పాత పప్పులే" అన్నాడు.

నేను నీళ్ళు తాగి గ్లాసు దించేశాను. "మావా, నీళ్ళు ఉప్పగా లేవూ?"

ఆయన ఇంకో గ్లాసు వంచుకుని తాగి చూశాడు. "బాగానే ఉన్నాయి కదే. మడుగు మీద పచ్చదీపం ఎలుగుతానే ఉంది. నీ నోరే ఇంకా జ్వరం నోరు."

అదీ నిజం కావచ్చు. జ్వరం తగ్గాక కొన్నాళ్ళు నోటికి రుచి తెలియదని డాక్టరు గారూ చెప్పారు.

ఊరంతా తాగేది మడుగు నీళ్ళే. మా లంక చుట్టూ ఎత్తైన గట్టు ఉంది. గట్టు అవతల ఏటి పాయ, అందులోకి రోజూ సముద్రపు పోటు వస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం తోసుకొస్తే పాయలో ఏటినీళ్ళు పైకి లేస్తాయి. తలుపు దగ్గరున్న మీటరు ఆ నీళ్ళు తీపి అని చెబితే పచ్చదీపం వెలుగుతుంది. అప్పుడు తలుపెత్తి మడుగు నింపుతాం. ఉప్పయితే ఎర్రదీపం వెలుగుతుంది, తలుపు మూసే ఉంచుతాం. మొన్న అమావాస్యకి నేను మంచం మీద ఉంటే నా తోటివాడు ఏసుపాదం తలుపెత్తాడు. పచ్చదీపం చూసే ఎత్తానన్నాడు. నాకు తెలిసి ఆ మీటరు ఇంతవరకూ ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

మరి నా నాలుక?

సప్తమి

ఇవాళ నారుమళ్ళకి వెళ్ళాను. త్రిమూర్తులు పని అక్కడే. ఊరి వరి నారంతా తేలే తడికెల మీద ఆయన చేతుల్లోనే పెరుగుతుంది. ఇళ్ళకి వచ్చే మడుగు నీళ్ళే గొట్టంలో అక్కడికీ వస్తాయి. నారు కొసలు ఎర్రబడ్డాయి.

"ఎండలకి" అన్నాడు.

ఎండలు బాగానే ఉన్నాయి, కాదనలేను. కానీ ఉప్పు తగిలినా నారు కొసలు ఎర్రబడతాయని పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పింది ఆయనే. ఆ మాట గుర్తుచేశాను.

"అవును, ఎర్రబడతాయి. అయితే ఇది ఎండే" అన్నాడు చాలా ప్రశాంతంగా. ఆ ప్రశాంతతని నేనెరుగుదును. పోయిన నెలదాకా నాకూ అదే ఉండేది.

సాయంత్రం ఏసుపాదం వాళ్ళింటి మీదుగా వచ్చాను. వాళ్ళ పాప షారోనుకి మూడేళ్ళు. ఇంకా బడిలో వెయ్యలేదు. వాళ్ళమ్మ గ్లాసు నోటికి పెట్టగానే పిల్ల తుపుక్కున ఉమ్మేసి "యాక్" అంది.

"వారం నించీ ఇదే అల్లరి వదినా" అంది వాళ్ళమ్మ. "నీళ్ళు తాగదు. కొబ్బరినీళ్ళయితే గటగటా తాగేత్తంది."

షారోను తలలో తీర్పరి లేదు. నా తలలోనూ లేదు. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. అయితే చిన్నపిల్లలు ఏవేవో ఉమ్ముతారు. షారోను పోయినేడు అరటిపండు కూడా ఉమ్మేసింది.

ఏకాదశి

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. కట్టు విప్పి చూసి, గాయం మానిందన్నారు. నిద్ర పడుతోందా అని అడిగారు. పడుతోంది. అన్నం సయిస్తోందా అంటే, పప్పు తప్ప అన్నీ సయిస్తున్నాయని చెప్పాను.

నీళ్ళ సంగతి చెబితే ఆవిడ శ్రద్ధగా విన్నారు. తన గ్లాసులోవి తాగి చూసి, "నాకు తియ్యగానే ఉన్నాయి వీరవేణమ్మా. అయితే ఈ విషయంలో నా నాలుకని నేనే నమ్మలేను" అన్నారు.

"ఎందుకండీ?"

"నుదుటి వెనకాల ఒక చోటుంది. నాలుక ఒకటి చెప్పి, కన్ను ఇంకోటి చెబితే అక్కడ గంట మోగుతుంది. గంట మోగితే మనిషి చెయ్యి ఆగుతుంది, మళ్ళీ చూస్తాడు. తీర్పరి ఆ గంట మోగనివ్వదు. ఇంతవరకూ ఎవరి మాట ఎక్కువసార్లు నిజమైందో చూసి వాళ్ళ మాటే ఖాయం చేస్తుంది. మీటరు ఎప్పుడూ తప్పలేదు. అందుకని నాలుక ఏం చెప్పినా నాదాకా రాదు."

"మరి అలాంటిది అందరికీ ఎందుకు పెట్టారండీ?"

"సముద్రం పైకొచ్చిన రోజున ఈ పడవెక్కాలా, ఆ పడవెక్కాలా అని ఒడ్డున తచ్చాడిన వాళ్ళెవరూ మిగల్లేదు. మా తాత ఆ తర్వాతి తరం వైద్యుడు. ఆయన పెట్టింది తప్పని నేననను. వరదలో అదే మనల్ని కాపాడుతుంది."

వచ్చేముందు ఇంకోటి అడిగాను. నాకు వినిపిస్తున్న ఈ రెండు మాటల్లో ఏది నిజమో ఎలా తెలుసుకోవాలి?

ఆవిడ చేతులు తుడుచుకుంటూ నవ్వారు. "అది చెప్పగలిగితే నాకు తీర్పరి ఎందుకమ్మా?"

చతుర్దశి

మడుగులో నీళ్ళు మెట్ల కిందికి దిగిపోయాయి. రేపు పౌర్ణమి. పొద్దుటి పోటుకి తలుపెత్తాలి. రేపు ఎత్తకపోతే మళ్ళీ అమావాస్యదాకా ఆగాలి, అందాకా ఈ నీళ్ళు చాలవు. ఎత్తాక ఉప్పు నీళ్ళు వస్తే తాగే నీళ్ళూ పోతాయి, నారూ పోతుంది. ఏడాది తిండి ఆ తడికెల మీదే ఉంది.

కాలవల ఇంజనీరు భానోజీ గారు వచ్చి తలుపు గొలుసులకి నూనె వేయించారు. నా ఒంట్లో ఎలా ఉందని అడిగారు. ఏసుపాదం పక్కన ఉంటాడు కనుక తీర్పరి లేకపోయినా పనిలో ఉండవచ్చని ఒప్పుకున్నది ఆయనే. మంచి మనిషి. నా అనుమానం చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. మీటరు విప్పించి, కడిగించి, అప్పుడే కలిపిన ఉప్పు నీళ్ళలోనూ వాన నీళ్ళలోనూ ముంచి చూపించారు. ఉప్పులో ఎరుపు, వాన నీళ్ళలో పచ్చ.

"మీటరు నిక్షేపంలా ఉందండీ వీరవేణి గారూ."

"ఆయ్. ఉందండి."

నిక్షేపంలా ఉంది. నా నోటికి ఉప్పూ తగులుతూనే ఉంది. ఈ రాత్రి కంటిమీదికి కునుకు రాదేమో అనుకున్నాను గానీ ఇది రాస్తుండగానే నిద్ర ముంచుకొస్తోంది.

పౌర్ణమి

ఇవాళ జరిగింది వివరంగా రాస్తాను.

పెద్ద పోటు రోజున ఊరంతా గట్టు మీదికి వస్తుంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటారు, బిందెలు కడిగి తెచ్చుకుంటారు, డప్పు మోగుతుంది. తలుపు లేచి మొదటి నీళ్ళు మడుగులో పడగానే అందరూ అరుస్తారు. ఇవాళా అంతే. పాయ నిండుగా పొంగి వచ్చింది. పచ్చదీపం వెలిగింది. నేను చక్రం మీద చేతులు వేశాను.

చేతులు కదల్లేదు.

నొప్పి కాదు, భయమూ కాదు. దీపం పచ్చగా ఉంది, తిప్పు అంటోంది ఒక వైపు. పప్పు ఉడకలేదు, నారు ఎర్రబడింది, పిల్ల ఉమ్మేసింది, తిప్పకు అంటోంది రెండో వైపు. ఏదీ గొంతు తగ్గించడం లేదు. డాక్టరు గారు చెప్పిన గంట ఇదే కాబోలు.

"అక్కా, పచ్చదీపం ఎలిగింది కదా" అన్నాడు ఏసుపాదం పక్కనుంచి. చూడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాడు. తర్వాత తనే చక్రం అందుకోబోయాడు.

"ఉండు ఏసుపాదం. ఒక్క నిమిషం ఉండు."

డప్పు ఆగింది. భానోజీ గారు మెట్లు దిగి వచ్చారు. "ఏవండీ, పోటు ఎక్కువసేపు నిలవదు. నీళ్ళు ఉప్పంటారా?"

"తెలవదండి."

"తీపంటారా?"

"అదీ తెలవదండి."

గట్టు మీద జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెద్దవాళ్ళెవరైనా తెలియదని అనడం వాళ్ళు విని ఎన్నేళ్ళయిందో! భానోజీ గారికి కోపం రాలేదు. నేను మళ్ళీ జ్వరం మీద ఉన్నానేమోనని నుదురు వైపు చూశారు.

పక్షం రోజులుగా నేను ఒకటే అడుగుతున్నాను. మీటరుదా తప్పు, నాలుకదా? అక్కడ నిలబడి ఉండగా ఆ ప్రశ్నే విసుగనిపించింది. మీటరు కడిగి చూశాం, మంచిదే. షారోనుకి జ్వరం లేదు, దాని నాలుకా మంచిదే. రెండూ నిజమే చెబుతున్నాయనుకుంటే? రెండు నిజాలూ ఒకే చోట ఎలా పడతాయి?

కిందికి చూశాను. మీటరు తేలే బుడ్డికి కట్టి ఉంది. నీళ్ళెంత లేస్తే అంత లేస్తుంది. అంటే అది ఎప్పుడూ పైనీళ్ళనే చూస్తుంది. మడుగులో ఉన్నదీ అంతే. మరి మా ఇళ్ళకి వెళ్ళే గొట్టం మడుగు అడుగునుంచి వెళుతుంది. ఈ తలుపు కూడా కిందినుంచే లేస్తుంది.

"అడుగు నీళ్ళు కావాలి" అన్నాను. "పాయ అడుగునించి. మూత బిగించిన సీసా, ఒక రాయి, రెండు తాళ్ళు."

ఎవరూ కదల్లేదు. పచ్చదీపం వెలుగుతుంటే ఎందుకు కదులుతారు? అప్పుడు జనంలోంచి త్రిమూర్తులు పరుగెత్తుకుంటూ వెళ్ళి నారుమడి పాకలోంచి అన్నీ తెచ్చాడు. సీసాకి రాయి కట్టి దించాను. అడుగు తగిలాక రెండో తాడు లాగితే మూత ఊడింది. బుడగలు వచ్చాయి. పైకి లాగాను.

నోట్లో పోసుకుంటే ఒట్టి ఉప్పు.

సీసా భానోజీ గారికి ఇచ్చాను. ఆయన తాగి, పెదవులు చప్పరించి, "బాగానే ఉన్నాయండీ" అన్నారు. ఏసుపాదం తాగాడు. "తియ్యగా ఉన్నాయక్కా." ఇంకో నలుగురు తాగారు. అందరికీ తీపే! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అందరి కళ్ళూ పచ్చదీపం మీదే ఉన్నాయి.

"ఆ మీటరు ఊడదీసి ఇందులో ముంచండి" అన్నాను.

భానోజీ గారు ఆలోచించలేదు, పరీక్ష అంటే ఆయనకి ఇష్టం. బుడ్డి నుంచి మీటరు విప్పి, ఒక బిందెలో సీసా నీళ్ళు వంపి ముంచారు. దీపం ఎర్రగా మారింది.

"అమ్మో!" అన్నాడు ఏసుపాదం. మొహం వికారంగా పెట్టి పక్కకి తిరిగి ఉమ్మేశాడు. భానోజీ గారు బిందెలో వేలు ముంచి నాలికకి రాసుకుని, "అబ్బే, ఉప్పు! కటిక ఉప్పు!" అని నోరు తుడుచుకున్నారు. ఇందాక తాగిన నలుగురూ ఒకేసారి ఉమ్మేశారు. గట్టు మీద ఎవరో, "మా ఇంట్లో నీళ్ళు కూడా ఉప్పగానే ఉన్నాయండోయ్!" అని అరిచారు. "మాయింట్లోనూ! పప్పు ఉడకట్లేదు!" అని ఇంకొకరు. పక్షం రోజులు ఊరందరి నోళ్ళలో ఉన్న ఉప్పు ఒక్కసారే తెలిసింది.

"ఈ వేసవి మొదట్లో పాయ అడుగు తవ్వించి లోతు చేశాం కదండీ" అన్నారు భానోజీ గారు మెల్లగా. "ఉప్పు నీళ్ళు బరువు. ఆ లోతులోంచి కింద కిందనే పాక్కుంటూ ఇక్కడిదాకా వచ్చేశాయి. పైన మాత్రం ఏటినీళ్ళే. మీటరు చెప్పిందీ నిజమే, మీరన్నదీ నిజమే."

"అయితే పైనీళ్ళు తీసుకుందామండి. అడుగువి వద్దు."

ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. తలుపు మరమ్మతు చేసేటప్పుడు నీళ్ళు ఆపడానికి దాని ముందున్న గాడిలో చెక్క పలకలు దింపుతాం. ఆ పలకలన్నీ గట్టు కింద షెడ్డులో ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలిశాక మా ఊరివాళ్ళంత వేగంగా పనిచేసేవాళ్ళు ఇంకెక్కడా ఉండరు. తీర్పరులున్న తలలు కదా, ఒక్కరూ తడబడలేదు. భుజాల మీద పలకలు వచ్చేశాయి. ఒకదాని మీద ఒకటి గాడిలోకి దింపి, పైన జానెడు సందు మాత్రం వదిలాం. అప్పుడు తలుపెత్తాను. చక్రం హాయిగా తిరిగింది. పలకల మీదుగా పల్చటి తెరలా నీళ్ళు దూకి మడుగులో పడ్డాయి. నేను దోసిలి పట్టి తాగాను. తర్వాత షారోనుకి పట్టాను.

పిల్ల తాగేసి, ఇంకా కావాలని చెయ్యి చాపింది.

డప్పు మళ్ళీ మొదలైంది. పోటు తగ్గేలోపు మడుగు మెట్లన్నీ మునగలేదు గానీ వచ్చిన నీళ్ళు అమావాస్య దాటేదాకా సరిపోతాయి.

బహుళ తదియ

మడుగు అడుగున చేరిన ఉప్పు నీళ్ళని పంపుతో పాయలోకి తోడేశారు. ఇళ్ళకి వెళ్ళే గొట్టం నోటిని పైకి జరిపారు. మీటర్లని అడుగున ఒకటి, పైన ఒకటి కట్టారు. ఇప్పుడు రెండు దీపాలు. ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు అయితే ఏం చెయ్యాలని ఏసుపాదం అడిగాడు. "నన్ను పిలువు" అన్నాను.

ఇవాళ పప్పు మెత్తగా ఉడికింది. త్రిమూర్తులు రెండుసార్లు వేయించుకున్నాడు.

డాక్టరు గారు, భానోజీ గారు కలిసి ఇంటికి వచ్చారు. నా కొత్త తీర్పరి తయారైందట. వాళ్ళకి కావలసిందేమిటో భానోజీ గారు సూటిగానే చెప్పారు. ప్రతి లాకు దగ్గరా తీర్పరి లేని మనిషి ఒకరుండాలని పెద్దలు అనుకుంటున్నారు. మా లాకుకి నేను ఉంటానా?

"బలవంతమేమీ లేదమ్మా" అన్నారు డాక్టరు గారు. "కొత్తది కావాలంటే రేపే పెడతాను. లేకుండా ఉండడం తేలికేం కాదు."

"ఆలోచించి చెబుతానండి" అన్నాను.

ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఇప్పుడే చెబుతాననుకున్నారు పాపం. రెండు మూడు రోజులు పడుతుందని చెప్పాక టీ తాగి వెళ్ళారు.

బహుళ షష్ఠి

తేల్చుకున్నాను. లాకు మీద తీర్పరి లేకుండానే ఉంటాను. అయితే వానలు పడి వరద కబురు వచ్చిన రోజున చక్రం ఏసుపాదం చేతికిస్తాను. ఆ రోజున నిలబడి ఆలోచించేవాళ్ళు పనికిరారు. భానోజీ గారు దీనికి సరేనన్నారు.

ఈ మాట త్రిమూర్తులుకి చెప్పడానికి సాయంత్రం నారుమడికి వెళ్ళాను. ఇద్దరం తడికె అంచున కూర్చుని ఎర్రబడిన మొక్కలు ఏరేస్తున్నాం. కొత్త ఆకు పచ్చగా లేస్తోంది.

"మావా, ఆ రోజు సీసా కోసం ఎందుకు పరిగెట్టావు? నీకూ పచ్చదీపమే కదా కనపడింది?"

"అవును. మీటరే రైటనుకున్నాను." ఒక మొక్క పీకి పక్కన పడేశాడు. "అయినా నువ్వు సీసా అడిగావు కదే. ఆ రెంటికీ గొడవేముంది?"

నేను రెండు ఎర్ర మొక్కలు పీకాను. తర్వాత నాలుగు రోజులుగా మనసులో ఉన్న ఇంకో సంగతి చెప్పాను.

"పెళ్ళినాడు నిన్ను చేసుకోవాలా వద్దా అని నాకు అనుమానమే రాలేదు."

"నాకూ రాలేదు."

"నీకు ఇప్పటికీ రాదులే. నాకు వత్తంది."

ఆయన చెయ్యి ఆగింది. "ఏం వత్తంది?"

"ఇన్నాళ్ళూ నువ్వు గురక పెడితే వినపళ్ళేదు. ఇప్పుడు వినపడతంది. నారు ఎండకి ఎర్రబడిందని నువ్వు మొండికేత్తే ఒళ్ళు మండింది. ఇంతకుముందు నువ్వేమన్నా మంచోడివనే ఒకటే మాట వచ్చేది. ఇప్పుడు రెండో మాటా వత్తంది. నాలుగు రోజుల నించీ నిన్ను కాటా ఏత్తన్నాను మావా."

పాపం, మొహం చిన్నబోయింది. ఆయన తలలో ఇలాంటి వాటికి చోటు లేదు. చేతిలో మొక్కని అటూ ఇటూ తిప్పాడు.

"మరి?"

"ఉంటాను."

"ఊఁ?"

"నీతోనే ఉంటాను. ఈసారి నేనే అనుకున్నాను. ఎవరో రెండోదాని నోరు మూసి అనిపించింది కాదు."

ఆయన మొక్క పడేసి నీళ్ళలో చేతులు కడుక్కున్నాడు. గురక గురించి ఏమన్నా చెబుతాడేమో అనుకున్నాను.

"రేపు మళ్ళీ అనుమానం వత్తేనో?" అన్నాడు చివరికి.

"రేపొత్తే, రేపు మళ్ళీ అనుకుంటాను."

ఆయన తలూపి కాస్త పక్కకి జరిగి, తడికె మీద నాకు ఇంకొంచెం చోటిచ్చాడు.